ఇండికేటరు బల్బు: హోల్డరులో పట్టిన ప్రతిదీ సరైనది కాదు

బరంపురం నుండి ఇచ్ఛాపురం వైపు వచ్చే జాతీయ రహదారి మీద గానీ, హిందూపురం నుండి పావగడ పోయే బాటలో గానీ, హోసూరు చుట్టుపక్కల గానీ సాయంసంధ్య వేళ ఒక గంటసేపు నిలబడి చూచినవారికి ఒక సంగతి బోధపడుతుంది. పెద్ద రహదారిని విడిచి ఊరి బాటలోకి కుడివైపునకు తిరగవలసిన కారు, ఎదురు వాహనాలు పోయేదాకా రహదారి నడుమనే ఆగవలసి వస్తుంది. ఆ కారు ఎందుకు వేగం తగ్గించిందో, ఎటు తిరగబోతున్నదో వెనుక వచ్చే లారీ డ్రైవరుకు తెలిపేది వెనుక మూలన మినుకుమనే ఒక చిన్న దీపం మాత్రమే. కారు లోపల కూర్చున్నవారికి టిక్కుటిక్కుమనే శబ్దం వినిపిస్తుంది, ఎదుట పచ్చని బాణం గుర్తు మెరుస్తుంది. తమ సైగ వెనుకవారికి అందిందనే వారు నమ్ముతారు. అందినదో లేదో వారికి కనిపించదు.

ఆ దీపం పూర్తిగా ఆరిపోతే ఎవరో ఒకరు చెబుతారు. "నాన్నా, కుడి ఇండికేటరు వెలగడం లేదు" అని వెనుక మోటారు సైకిలు మీద వచ్చిన కొడుకు చెబుతాడు. తండ్రి దారిలోని దుకాణంలో బల్బు కొని వేయిస్తాడు. అది వెలుగుతుంది, పని ముగిసిందనుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆరిపోయిన బల్బు తన లోపాన్ని తానే చాటుకుంటుంది. తప్పు బల్బు మాత్రం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఎవరూ దాన్ని అనుమానించరు. రంగు మారి ఉండవచ్చు, వెలుతురు నాలుగోవంతే ఉండవచ్చు. పట్టపగలు ఇంటి ముంగిట నిలిపి చూస్తే ఆ తేడా తెలియదు. చీకటి పడుతున్న వేళ, వాన జల్లులో, అరవై డెబ్బై గజాల వెనుక ఉన్న డ్రైవరుకు తెలుస్తుంది.

పోయినది బల్బేనా?

కొనడానికి ముందు చూడవలసినది ఇది. ఒక పక్క ఇండికేటరు వేసినప్పుడు టిక్కుటిక్కు శబ్దం మామూలుకన్నా వేగంగా, తొందరపడుతున్నట్లు వినిపిస్తే, ఆ పక్కన ముందుదో వెనుకదో ఒక బల్బు పోయిందని అర్థం. దీపాన్ని మినుకుమనిపించే ఫ్లాషరు అనే చిన్న పరికరం తన గుండా పోయే కరెంటును గమనిస్తూ ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీ మీద 21 వాట్ల బల్బు ఒక్కొక్కటి సుమారు ఒకటిముప్పావు ఆంపియరు తీసుకుంటుంది. ముందు వెనుక రెండు బల్బులకు గాను మూడున్నర ఆంపియర్లు పోవలసిన చోట సగమే పోతే, ఫ్లాషరు వేగం పెంచి డ్రైవరును హెచ్చరిస్తుంది. అది ఫ్లాషరు చెడిపోవడం కాదు, తన పని తాను సక్రమంగా చేయడం. ఈ సంగతి తెలియక మంచి ఫ్లాషరును తీసి పారవేసి కొత్తది కొన్నవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. బాగా పాతకాలపు కార్లలో, వేడికి వంగే లోహపు పట్టీతో పనిచేసే ఫ్లాషరు ఉంటే, బల్బు పోయినప్పుడు దీపం మినుకుమనక వెలిగి అలాగే నిలిచిపోవచ్చు.

రెండు పక్కలా ఒకేసారి పనిచేయకపోతే బల్బులను అనుమానించవలసిన పని లేదు. ఫ్యూజో, ఫ్లాషరో, స్టీరింగు పక్కనున్న స్విచ్చో కారణం కావాలి. బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటరు కూడా మసకగా వెలుగుతున్నా, ఇండికేటరుతో పాటు వెనుక ఎర్రదీపం కూడా మినుకుమంటున్నా, ఎర్తు తీగ సరిగా అంటడం లేదని తెలుసుకోవాలి. యానాం, గోపాలపురం వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల హోల్డరు లోపలి లోహం పచ్చగా పాచిపట్టినట్లు కావడం సర్వసాధారణం. సన్నని గరుకు కాగితంతో దాన్ని శుభ్రం చేస్తే కొన్నిసార్లు "పోయిన" బల్బు మళ్ళీ వెలుగుతుంది. బల్బును చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే లోపలి సన్నని తీగ తెగిందో లేదో తెలిసిపోతుంది. గాజు లోపల నల్లగా మసిబారినా, పాలపొర కమ్మినట్లు తెల్లబడినా ఆ బల్బు ఆయుష్షు తీరినట్లే.

లోహపు తొడుగు మీది అక్షరాలు

దుకాణదారు అడిగే మొదటి ప్రశ్న "ఏ బండికి?" అని. ఆ ప్రశ్నకు బండి పేరు చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఒకే పేరుతో పదేళ్ళుగా అమ్ముడుపోయే కారులో కూడా దీపాల ఆకారం రెండు మూడు సార్లు మారుతుంది, దానితో బల్బు కూడా మారవచ్చు. బల్బు అడుగున ఉండే లోహపు తొడుగు మీద ఆంగ్ల అక్షరాలలో, అంకెలలో ఒక గుర్తు చెక్కి ఉంటుంది. అడగవలసినది ఆ గుర్తునే. వాహనాల తీగ బల్బులకు ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలోని 37వ నంబరు నియమావళి పెట్టిన పేర్లు ఇవి. మన దేశంలో ఏఐఎస్ 034 అనే ప్రమాణం కూడా ఇవే పేర్లను వాడుతుంది.

కార్ల ఇండికేటర్లలో ఎక్కువగా కనిపించేవి రెండు. మొదటిది పి21డబ్ల్యు. 21 అంటే 21 వాట్లు. దీని గాజు తెల్లనిది. తొడుగుకు ఇరుపక్కల రెండు పిన్నులు ఎదురెదురుగా ఉంటాయి, ఇళ్ళలో వాడిన పాత పిన్ను బల్బు మాదిరిగానే. గడియారంతో పోల్చి చెబితే, ఒక పిన్ను 12 దగ్గర ఉంటే రెండవది 6 దగ్గర ఉంటుంది. రెండవది పివై21డబ్ల్యు. నడుమ చేరిన వై అనే అక్షరం పసుపును సూచిస్తుంది. దీని గాజే నారింజ పసుపు రంగులో, వ్యాపారులు అంబరు అని పిలిచే రంగులో ఉంటుంది. దీని పిన్నులు సరిగ్గా ఎదురెదురుగా ఉండవు. ఒకటి 12 దగ్గర ఉంటే రెండవది 5 దగ్గరికి జరిగి ఉంటుంది. కొలత చెబితే 180 డిగ్రీలకు బదులు 150 డిగ్రీలు.

ఆ 30 డిగ్రీల తేడాను తయారీలోని చాదస్తమనుకునేవారు ఉన్నారు. నిజానికి అది బుద్ధిపూర్వకంగా పెట్టిన తాళం. వెనుకటి కార్లలో ఇండికేటరు మీది ప్లాస్టిక్ అద్దమే నారింజ రంగులో ఉండేది, లోపల తెల్లని బల్బు వేసేవారు. తరువాత వచ్చిన కార్లలో అద్దం తెల్లగా, స్ఫటికంలా ఉండడం అందమనే అభిరుచి పెరిగింది. అద్దం తెల్లబడినప్పుడు రంగు బల్బు నుండి రావాలి. తెల్ల అద్దం వెనుక పొరపాటున తెల్ల బల్బు వేస్తే వెలుతురు తెల్లగా వస్తుంది. అలా ఎవరూ వేయలేకుండా ఉండడానికే రంగు బల్బుకు పిన్నులను పక్కకు జరిపారు. తెల్ల బల్బు ఆ హోల్డరులో కూర్చోదు.

కూర్చోనిదాన్ని కూర్చోబెట్టే నేర్పు మాత్రం మన దగ్గర కొదువ లేదు.

"అన్నా, ఈ బల్బు పట్టడం లేదు."

"ఇలా తే. ఒక పిన్ను కాస్త రాస్తే అదే పట్టేస్తుంది."

ఆకురాయితో నాలుగు రాపిడులు, అంతే. పిన్ను అరిగిపోయి బల్బు లోపలికి పోతుంది. రాసిన చేతికి ద్రోహబుద్ధి ఏమీ లేదు. వినియోగదారుని మళ్ళీ పట్నానికి పంపకుండా పని జరిపించాలనే మంచితనమే. ఫలితం రెండు విధాలుగా చెడుతుంది. ఒకటి, ఒక్క పిన్ను మీద వేలాడే బల్బు గతుకుల బాటలో వదులై, ఒకసారి వెలిగి ఒకసారి ఆరుతుంది. రెండవది మరింత గంభీరమైనది. కారు వెనుక మూలన తెల్లని దీపం వెలిగితే వెనుకవాడు దాన్ని రివర్సు దీపమని అనుకుంటాడు. తిరగబోయే కారును వెనుకకు వస్తున్న కారుగా భావించి, తప్పించుకోవడానికి కుడివైపు నుండి దాటబోతాడు. కారు తిరిగేదీ కుడివైపుకే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 102వ నిబంధన ఇండికేటరు వెలుతురు అంబరు రంగులోనే ఉండాలని, నిమిషానికి 60కి తక్కువ కాకుండా, 120కి మించకుండా మినుకుమనాలని స్పష్టంగా చెబుతున్నది. ఆ రంగు అలంకారం కోసం నిర్ణయించినది కాదు. ఎరుపు ఆగడానికి, తెలుపు వెనుకకు రావడానికి కేటాయించిన తరువాత, తిరగడానికి వేరొక రంగు కావలసి వచ్చింది.

తలకిందుల పొరపాటు కూడా ఉంది. అద్దమే నారింజ రంగులో ఉన్న పాత కారుకు "రంగు బల్బయితే ఇంకా బాగా కనిపిస్తుంది" అని రంగు బల్బు వేయించేవారు ఉంటారు. 13.5 వోల్టుల వద్ద తెల్లని పి21డబ్ల్యు బల్బు ఇచ్చే వెలుతురు 460 ల్యూమెన్లు. రంగు గాజు కొంత వెలుతురును మింగుతుంది కాబట్టి పివై21డబ్ల్యు ఇచ్చేది 280 మాత్రమే. దాన్ని మళ్ళీ రంగు అద్దం వెనుక పెడితే ఆ 280లో కూడా కొంత పోతుంది. రంగు మీద రంగు వేస్తే ముదురుతుందే గాని వెలుతురు పెరగదు.

రంగు బల్బులు కొనేటప్పుడు మరొకటి గమనించాలి. నాసిరకం బల్బులలో తెల్ల గాజు మీద పలుచని రంగు పూత మాత్రమే ఉంటుంది. కొన్ని నెలల వేడికి అది పొలుసులుగా రాలిపోతుంది. అప్పుడు సరైన బల్బే తెల్ల బల్బుగా మారిపోతుంది, ఆ సంగతి కారు యజమానికి తెలియదు. కొనేటప్పుడు గోటితో మెల్లగా గీరి చూడడం దుకాణదారుకు నచ్చకపోవచ్చు గాని, చూడదగిన పరీక్షే. తొడుగు మీద వలయంలో ఇ అనే ఆంగ్ల అక్షరం, దాని పక్కన ఒక అంకె ఉంటే ఆ బల్బు అంతర్జాతీయ పరీక్షకు నిలిచినదని గుర్తు. దొంగ ముద్రలు లేవని కాదు, అసలు ఏ ముద్రా లేనిదానికన్నా మేలు.

పట్టుతుంది గాని పనికిరాదు

పిన్నుల తాళం అన్ని పొరపాట్లనూ ఆపలేదు. 10 వాట్ల ఆర్10డబ్ల్యు, 5 వాట్ల ఆర్5డబ్ల్యు బల్బుల తొడుగు, పి21డబ్ల్యు తొడుగు ఒకే కొలతవి. అదే విధంగా నారింజ గాజు గల ఆర్‌వై10డబ్ల్యు, కారుకు వేసే పివై21డబ్ల్యు హోల్డరులో ఏ ఆటంకమూ లేకుండా కూర్చుంటుంది. ఈ 10 వాట్ల బల్బులు మోటారు సైకిళ్ళ ఇండికేటర్లలో విరివిగా వాడేవి. గ్రామాల దుకాణాలలో ద్విచక్ర వాహనాల సామాను ఎక్కువ, కార్ల సామాను తక్కువ. "కారుది లేదు సార్, ఇది వేసుకోండి, ఇదీ అంబరే" అని ఇచ్చేది సాధారణంగా ఇదే.

రంగు సరైనదే, పిన్నులు సరిపోతాయి, వెలుగుతుంది కూడా. కాని పివై21డబ్ల్యు ఇచ్చే 280 ల్యూమెన్ల చోట ఆర్‌వై10డబ్ల్యు ఇచ్చేది 75 మాత్రమే. నాలుగోవంతుకు కొంచెం ఎక్కువ. కారు దీపం వెనుకనున్న అద్దపు గిన్నెను 21 వాట్ల బల్బు తీగ ఎక్కడ ఉంటుందో లెక్కించి మలుస్తారు కాబట్టి, చిన్న బల్బు ఇచ్చే ఆ కొద్ది వెలుతురు కూడా సరైన దిశలో పోదు. పైగా ఫ్లాషరుకు కరెంటు తక్కువగా కనిపించి వేగంగా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. కొత్త బల్బు వేసిన తరువాత కూడా టిక్కుటిక్కు తొందరగానే వినిపిస్తే, వేసిన బల్బు వాట్లు తక్కువని ముందుగా అనుమానించాలి. రెండు బల్బులను పక్కపక్కన పెడితే తేడా కంటికే కనిపిస్తుంది: 21 వాట్ల గాజు బుడగ లావుగా, పెద్ద నిమ్మకాయ వలె ఉంటుంది. 10 వాట్లది ఉసిరికాయంత.

దీనికి విపరీతమైన పని, అంటే తక్కువ వాట్ల హోల్డరులో ఎక్కువ వాట్ల బల్బు వేయడం, మరొక రకం ప్రమాదం. 5 వాట్ల దీపానికి కట్టిన ప్లాస్టిక్ గూడులో 21 వాట్ల బల్బు వేస్తే ఆ వేడికి గూడు మెత్తబడి వంకరపోతుంది. ఎక్కువ వెలుతురు కోరి దీపాన్నే పోగొట్టుకున్నట్లవుతుంది.

వోల్టుల మాట కూడా చెప్పుకోవాలి. కార్లలో బ్యాటరీ 12 వోల్టులది, పెద్ద లారీలలో 24 వోల్టులది. రహదారి పక్క దుకాణాలకు లారీలే ముఖ్యమైన ఖాతాదారులు. 24 వోల్టుల పి21డబ్ల్యు బల్బు చూపులకు 12 వోల్టుల దానికి అచ్చమైన కవలసోదరి. పిన్నులు, గాజు, తొడుగు అన్నీ ఒకటే. దాన్ని కారులో వేస్తే సగం వోల్టేజి మాత్రమే అందుతుంది. వెలుతురు సగమవుతుందని అనుకోవచ్చు గాని, తీగ బల్బుల స్వభావం అది కాదు. వోల్టేజి సగమైతే తీగ ఎర్రబడుతుందే గాని తెల్లగా మండదు. వెలుతురు దాదాపు పదోవంతుకు పడిపోతుంది. తొడుగు మీద 12 అనే అంకె, దాని పక్కన వోల్టుల గుర్తు చూడకుండా బల్బును జేబులో వేసుకోరాదు.

ఇక అడుగున ఒకే సీసపు బొట్టు ఉన్నది సింగిల్ కాంటాక్టు, రెండు బొట్లు ఉన్నది డబుల్ కాంటాక్టు. రెండు బొట్ల బల్బులో రెండు తీగలుంటాయి. పి21/5డబ్ల్యు అనే ఈ బల్బు చాలా కార్లలో వెనుక ఎర్రదీపానిది. 5 వాట్ల తీగ రాత్రి వెలిగే దీపానికి, 21 వాట్ల తీగ బ్రేకుకు. దీని పిన్నులు ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉంటాయి. ఇండికేటరు హోల్డరు పక్కనే దీని హోల్డరు ఉండడం వలన ఒకదాని బల్బు మరొకదానికి తీసి వేసే ప్రయత్నాలు జరుగుతుంటాయి. బలవంతంగా తిప్పితే రెండు బొట్లు ఒకే రేకును తాకి, బ్రేకు వేస్తే ఇండికేటరు, ఇండికేటరు వేస్తే బ్రేకు దీపం వెలిగే వింతలు పుడతాయి.

లోహపు తొడుగే లేక గాజు అడుగు బల్లపరుపుగా ఉండే బల్బులను దుకాణాలలో కేప్‌లెస్ అంటారు. అద్దాల మీద, రెక్కల పక్కన ఉండే చిన్న ఇండికేటర్లలో ఇవే ఎక్కువ: తెల్లనిది డబ్ల్యు5డబ్ల్యు, నారింజ రంగుది డబ్ల్యువై5డబ్ల్యు. ఈ రెండింటికి అడుగు ఒకటే కాబట్టి ఇక్కడ పిన్నుల తాళం లేదు. పక్కదీపం అద్దం తెల్లదైతే నారింజ బల్బే అడిగి తీసుకోవాలి, హోల్డరు చెప్పదు.

పాత బల్బే సాక్షి కాదు

"పాత బల్బు చేతిలో పట్టుకుపోతే చాలు" అనే సలహా మంచిదే, కొత్తగా కొన్న కారు విషయంలో. సరిహద్దు పల్లెలలో తిరిగే కార్లు అనేకం చేతులు మారినవి. బెంగుళూరులోనో చెన్నైలోనో ఒకరి దగ్గర, తరువాత మరొకరి దగ్గర నడిచి వచ్చినవి. వాటిలో ఉన్న బల్బు కంపెనీ వేసినదో, దారిలో ఎవరో "పట్టేలా" వేసినదో తెలియదు. తప్పు బల్బును నమూనాగా తీసుకుపోతే దుకాణదారు నిజాయితీగానే మరొక తప్పు బల్బు ఇస్తాడు.

కాబట్టి సాక్ష్యం మరో రెండు చోట్ల వెదకాలి. కారుతో వచ్చిన యజమాని పుస్తకంలో చివరి పుటలలో ఏ దీపానికి ఎన్ని వాట్ల బల్బో తెలిపే పట్టిక ఉంటుంది. పుస్తకం పోయి ఉంటే, దీపపు గూడునే తిప్పి చూడాలి. అనుమతి పొందిన దీపాల మీద ఏ రకం బల్బు వేయాలో ఆ అక్షరాలే ప్లాస్టిక్‌లో అచ్చువేసి ఉంటాయి. కొన్నింటిలో అద్దం అంచున, కొన్నింటిలో వెనుక వైపున. దుమ్ము తుడిచి, టార్చి పక్కనుండి వాలుగా వేస్తే చదవవచ్చు. ఆ అచ్చు మీది మాటే చివరి మాట. కుడి ఎడమల బల్బులను తీసి పోల్చడం కూడా ఉపయోగకరమే. రెండూ వేరువేరుగా ఉంటే ఒకటి తప్పకుండా తప్పు.

బల్బుకు కుడి ఎడమలు లేవని ఇక్కడే చెప్పుకోవడం మంచిది. ఒకే బల్బు రెండు పక్కలా పనికివస్తుంది. పావగడలోనో బళ్ళారిలోనో కన్నడం తప్ప రాని దుకాణదారు ముందు నిలబడి "కుడిది కావాలి" అంటే అతడు తికమకపడతాడు. కన్నడంలో కుడి అంటే తాగమని అర్థం, కుడివైపును బల అంటారు. హోసూరు తమిళ దుకాణంలో అది వలదు. బరంపురంలో ఒడియా మాట వేరు, కిన్వట్ మరాఠీ మాట వేరు. పివై21డబ్ల్యు అన్న గుర్తు మాత్రం నాలుగు రాష్ట్రాలలోనూ ఒకటే. చిన్న కాగితం మీద ఆంగ్ల అక్షరాలలో ఆ గుర్తును, పక్కన 12 వోల్టులని రాసి పిల్లవాడి చేతికిచ్చి పంపినా సరైన బల్బే వస్తుంది. ఏ భాషలోనూ వివరించవలసిన అవసరం ఉండదు.

ఎల్ఈడీ మోజు

ఇటీవలి కాలంలో తీగ బల్బు తీసి అదే హోల్డరులో ఎల్ఈడీ బల్బు వేసుకునే అలవాటు పెరిగింది. కరెంటు తక్కువ, ఆయుష్షు ఎక్కువ అన్న మాట నిజమే. కాని ఆ తక్కువ కరెంటే ఇక్కడ చిక్కు తెస్తుంది. రెండు మూడు వాట్లు మాత్రమే తీసుకునే ఎల్ఈడీని ఫ్లాషరు పోయిన బల్బుగా లెక్కించి వేగంగా కొట్టుకుంటుంది, కొన్నిసార్లు నిమిషానికి 120 హద్దును కూడా దాటుతుంది. దానికి విరుగుడుగా 6 ఓముల నిరోధకాన్ని తీగకు జతచేయడం మెకానిక్కులకు తెలిసిన ఉపాయం. ఇంజను నడుస్తుండగా 13.8 వోల్టుల వద్ద ఆ నిరోధకం, వెలిగినంతసేపు, 30 వాట్లకు పైగా వేడిని పుట్టిస్తుంది. దాన్ని ప్లాస్టిక్‌కో తీగల కట్టకో ఆనించి కడితే అవి కరుగుతాయి. ఆదా చేయదలచిన కరెంటంతా వేడిగా పోయిన తరువాత ఎల్ఈడీ వలన ఒరిగినదేమిటో ఆలోచించుకోవాలి.

వెలుతురు విషయం ఇంకా ముఖ్యం. తీగ బల్బు అన్ని వైపులా వెలుతురు చిమ్ముతుంది, వెనుకనున్న గిన్నె దాన్ని సరిచేసి పంపుతుంది. ఎల్ఈడీ ముక్కలు తాము ఎటు చూస్తే అటే చిమ్ముతాయి. దగ్గరగా నిలబడినవారికి కళ్ళు చెదిరేంత ప్రకాశం, పక్కకు జరిగితే చుక్కంత వెలుగు. నారింజ అద్దం వెనుక తెల్ల ఎల్ఈడీ వేస్తే ఆ వెలుతురులోని నీలి భాగమంతా అద్దంలోనే ఆగిపోతుంది. కంపెనీయే ఎల్ఈడీ ఇండికేటర్లతో తయారు చేసిన కార్ల సంగతి వేరు. వాటి ఫ్లాషరు, గూడు, గిన్నె అన్నీ దానికి తగినట్లుగానే ఉంటాయి. చాలావాటిలో బల్బు విడిగా రాదు, చెడితే దీపం మొత్తం మార్చవలసిందే. తీగ బల్బుకు తయారైన కారులో తీగ బల్బు వేసుకోవడమే చౌక, క్షేమం.

వేసిన తరువాత

బల్బు మార్చడం కష్టమైన పని కాదు. స్విచ్చు ఆపి, పాత బల్బు చల్లారనివ్వాలి. వెనుక దీపమైతే డిక్కీ తెరిచి, ముందు దీపమైతే బానెటు ఎత్తి, హోల్డరును అపసవ్యంగా పావు చుట్టు తిప్పితే బయటికి వస్తుంది. కొన్ని కార్లలో వెనుక దీపాన్ని రెండు స్క్రూలు విప్పి బయటికి లాగవలసి ఉంటుంది. పిన్ను బల్బును లోపలికి నొక్కి తిప్పాలి, కేప్‌లెస్ బల్బును నేరుగా లాగాలి. తుప్పుపట్టి రాకుంటే గాజు పగిలి చేతికి గుచ్చుకోవచ్చు కనుక మందపాటి గుడ్డతో పట్టుకోవాలి. కొత్త బల్బు సులభంగా, ఒక చిన్న చప్పుడుతో కూర్చుంటుంది. బలం వాడవలసి వచ్చిందంటే అక్కడే ఆగి తొడుగు మీది గుర్తును మళ్ళీ చదవాలి. మళ్ళీ మూసేటప్పుడు రబ్బరు వాషరు సరిగా కూర్చున్నదో లేదో చూడకపోతే తొలి వానకే నీరు దిగుతుంది.

చివరి పరీక్షకు ఇద్దరు మనుషులు కావాలి. చీకటి పడుతుండగా ఒకరు లోపల కూర్చుని ఇంజను నడుపుతూ ఇండికేటరు వేయాలి. మరొకరు కారు వెనుక యాభై అడుగుల దూరం నడిచి వెనుదిరిగి చూడాలి. కుడి ఎడమల రంగు, ప్రకాశం ఒకే విధంగా ఉన్నాయా అని పోల్చాలి. వెనుక ఎర్రదీపం వెలిగించి, బ్రేకు కూడా తొక్కించి, ఆ ఎరుపు పక్కన ఇండికేటరు విడిగా తెలుస్తున్నదో లేదో చూడాలి. ఎన్ని సార్లు మినుకుమన్నదో గడియారం పట్టుకుని అర నిమిషం లెక్కపెడితే 30కి, 60కి నడుమ రావాలి. తరువాత అదే విధంగా ముందు వైపు. సరిపోతే, ముందు వెనుకల బల్బుల గుర్తులను యజమాని పుస్తకం అట్ట లోపల రాసి, అటువంటివే రెండు బల్బులు దూది చుట్టి ఒక చిన్న డబ్బాలో పెట్టి డిక్కీలో ఉంచుకోవచ్చు. బండిలోనే సరైన బల్బు ఉంటే రాత్రివేళ రహదారి పక్కన ఆకురాయి పట్టుకునే పని ఎవరికీ పడదు.